రెండుసార్లు చెప్పిన మాట

కిందటి వారం మనం చిన్నదాన్ని ఎలక్ట్రానిక్స్ దుకాణంలో గాజు కౌంటరు ముందు, చేతిలో మోగుతున్న ఫోనుతో వదిలేశాం. చిన్నది అనగానే జడలు వేసుకున్న పిల్ల అనుకోకండి. పాపిట్లో తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్న మనిషి. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. ఇంట్లో ఆఖరిది కాబట్టి ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఫోను చేస్తున్నది ఆమె అన్న, పెద్దాడు. అమ్మ పుట్టినరోజుకి ఇద్దరూ కలిసి ఒక చిన్న ట్యాబ్ కొనివ్వాలని అనుకున్నారు. కొనే భారం చెల్లెలి మీద వేసి, ఏది కొనకూడదో చెప్పే భారం మాత్రం అన్న తనమీద వేసుకున్నాడు.

అమ్మ సంగతి కూడా ఒకసారి చెప్పుకోవాలి. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఊరంతా ఆమెని మైకమ్మ అనేది. నిరుడు గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఇప్పుడు మెడ మీద ఉన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తుంది, దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటుంది. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది.

ఆ పలక సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె ఉంటున్నది పెద్దాడి దగ్గర. ఆ ఇంట్లో ఆమె రాసింది చివరిదాకా చదివే ఓపిక ఎవరికీ లేదు. మొదటి మాట చూస్తారు, మిగతాది ఊహించుకుంటారు, జవాబు చెప్పి తడిగుడ్డతో తుడిచేస్తారు. ఒకసారి ఆమె నీళ్ళు అని మొదలుపెట్టగానే కోడలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టి, పలక తుడిచి వెళ్ళిపోయింది. పైన ట్యాంకు పొంగి మెట్లమీదుగా కారుతోందని రాయబోయింది పాపం. ఆ మధ్యాహ్నం మెట్లమీద కోడలే జారిపడింది. ముందే చెప్పకూడదా అని అత్తగారినే దెప్పింది.

అందుకే చిన్నదానికి మాట్లాడే ట్యాబ్ కావాలి. వేలితో రాస్తే అది పైకి చదివి వినిపించాలి. చెవిన పడ్డ మాటని తడిగుడ్డతో తుడవలేరు కదా అనుకుంది.

ఫోను ఎత్తింది. పెద్దాడు ఎప్పటిలాగే తొందరలో ఉన్నాడు. అన్నిటికంటే చవకది తీసుకోమన్నాడు. అమ్మ సినిమాలు చూసుకోడానికి, పాత పాటలు వినడానికి అదే ఎక్కువన్నాడు. ఇందాకే అన్నీ చెప్పాడు కదా, మళ్ళీ ఎందుకు చేశాడా అని చిన్నది వింటోంది. చివరికి గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు. ఆ చదివి వినిపించే యాప్ మాత్రం వేయించవద్దన్నాడు. ఈ వయసులో అమ్మకి అవన్నీ తలనొప్పి అన్నాడు.

"అన్నయ్యా, బస్టాండులో బస్సుల వేళలన్నీ కంప్యూటర్లో ఎక్కించింది అమ్మే. నీకంటే వేగంగా టైపు చేస్తుంది" అంది చిన్నది.

నీ ఇష్టం, తర్వాత నన్ననొద్దు అని పెట్టేశాడు. తర్వాత అనాల్సింది ఏముంటుందో చిన్నదానికి అర్థం కాలేదు. కక్కుర్తి కాబోలు అనుకుంది. అన్నయ్య గురించి అంతకంటే చెడ్డగా అనుకునే అలవాటు అప్పటికింకా ఆమెకి లేదు.

సేల్స్‌మన్ మంచి మాటకారి. ముందు పళ్ళెమంత ట్యాబ్ తీసి కౌంటరు మీద పెట్టాడు. పెద్దవాళ్ళకి పెద్ద తెర బాగుంటుందన్నాడు. చిన్నది దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, మణికట్టు లాగుతోంది అని పెట్టేసింది. తర్వాత చవకది చూపించాడు. దాని స్పీకరు వెనకవైపు ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే చీరలో, బల్ల మీద పెడితే బల్లలో కలిసిపోతుంది ఆ శబ్దం. ఉన్న గొంతు ఒకసారి మూతపడ్డ మనిషికి మళ్ళీ మూతపడే గొంతు కొనివ్వడానికి ఆమె మనసొప్పలేదు. చివరికి అరచేతిలో ఇమిడేది ఒకటి దొరికింది. స్పీకర్లు పక్కన ఉన్నాయి. అక్షరాలు పెద్దవి చేసినా పక్కకి పోకుండా తెరలోనే ఉన్నాయి. ధర చవకదానికంటే కొంచెం ఎక్కువ, పళ్ళెంకంటే చాలా తక్కువ. చిన్నది దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూసింది, కళ్ళద్దాల మనిషి కదా. సేల్స్‌మన్ ఎక్కడ పట్టుకుపోతుందోనని వెనకే వచ్చాడు.

లోపలికి వచ్చి ఒక వాక్యం రాసి బొత్తం నొక్కింది. ఆడగొంతు ఒకటి తెలుగులో చదివింది. తప్పుల్లేవు. కోపమూ లేదు, సంతోషమూ లేదు. బ్యాంకులో ఫోను ఎత్తే అమ్మాయిలా మహా మర్యాదగా ఉంది.

"ఇంకో గొంతు ఏమైనా ఉందా?" అని అడిగింది.

"తెలుగుకి ఇదొక్కటే ఆడగొంతు మేడమ్. మగగొంతు పెట్టమంటే పెడతాను" అన్నాడతను.

అమ్మ నోట మగగొంతు ఎలా ఉంటుందో ఊహించుకుని చిన్నది నవ్వింది. ఈ భాగంలో ఆమె నవ్వడం అదే ఆఖరు. యాప్ వేయించి, రంగుకాగితం చుట్టించి బయటపడింది. దారిపొడుగునా తన మంచితనం తనకే ముచ్చటగా అనిపించింది. అన్నయ్య అమ్మని ఇంట్లో పెట్టుకున్నాడే గానీ పట్టించుకోలేదు, పట్టించుకున్నది నేనే అనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకి ఏ అడ్డూ కనబడలేదు.

పెద్దాడి ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ముందుగదిలో సోఫా, దాని ఎదురుగా టీవీ, టీవీ పక్కన బట్టలు ఆరేసే స్టాండు. ఆ స్టాండుకీ గోడకీ మధ్య ఉన్న కుర్చీ అమ్మది. దుప్పట్లు ఆరేసిన రోజున ఆమె కనబడదు కూడా. ఆ కుర్చీ ముందే ఆలుమగలు పోట్లాడుకుంటారు, బంధువులని ఆడిపోసుకుంటారు, ఎవరికీ చెప్పకూడనివి చెప్పుకుంటారు. మాట లేని మనిషికి చెవులు కూడా ఉండవని ఎలా అనుకున్నారో వాళ్ళకే తెలియాలి.

ఆదివారం పొద్దున్న చిన్నది వెళ్ళేసరికి కోడలు స్టాండు మీద బట్టలు తీస్తోంది. పెద్దాడు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నది అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి పొట్లం ఆమె ఒళ్ళో పెట్టింది. అమ్మ రంగుకాగితం చిరక్కుండా విప్పి, మడతపెట్టి, కుర్చీ కింద దాచుకుంది. ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. బరువు చూసింది. ఎలా రాయాలో, ఎక్కడ నొక్కాలో చిన్నది ఒక్కసారి చూపిస్తే చాలింది.

అమ్మకి ఉద్యోగం నేర్పిన అలవాట్లు రెండున్నాయి. మైకు ముందు నోరు తెరిచేముందు గోటితో దాన్ని టక్‌టక్‌మని తట్టేది. చెప్పింది ఏదైనా రెండుసార్లు చెప్పేది. ఎందుకని పిల్లలు అడిగితే, మొదటిసారి వినేవాళ్ళకి, రెండోసారి విననివాళ్ళకి అనేది. ఇప్పుడూ ట్యాబ్ గాజు మీద గోటితో తట్టి బొత్తం నొక్కింది.

"దయచేసి వినండి" అంది ట్యాబ్.

కోడలు దుప్పటి చేత్తో పట్టుకుని ఆగిపోయింది. పెద్దాడు పేపరు దించాడు. అమ్మ మళ్ళీ నొక్కింది. దయచేసి వినండి. చిన్నదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు అమ్మది కాదు. మాట మాత్రం అమ్మదే. కోడలు కూడా మొహం ఇంత చేసుకుని, బాగుందత్తయ్యా, ఇంక రోజంతా మాకు ఆర్డర్లే అని వేళాకోళమాడింది. అమ్మ నవ్వలేదు. తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు ఎంతసేపటికీ ఆగకపోయేసరికి పెద్దాడు లేచి, కేకు తెస్తానని చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

టక్‌టక్‌మని శబ్దమైంది.

"పెద్దాడా, కూర్చో. డాక్టరు చెప్పిన రెండో దారి ఏమిటో చెల్లెలికి చెప్పు."

అదే మర్యాద గొంతు. బిల్లు కట్టమని గుర్తుచేసినట్టు ఉంది. అమ్మ ఇంకోసారి వినిపించింది. పెద్దాడి మొహాన నెత్తుటి చుక్క లేదు. ఒక చెప్పు తొడుక్కున్నాడు, రెండోది చేతిలోనే ఉండిపోయింది.

ఏం దారి అని చిన్నది అడిగింది. ఇప్పుడవన్నీ ఎందుకన్నాడు. పుట్టినరోజు పూట ఏడుపులు పెట్టుకోవద్దన్నాడు. కోడలు దుప్పటి మడతపెట్టడంలో మునిగిపోయింది. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడిచింది. చిన్నది లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాక గానీ అతని నోట్లోంచి మాట ఊడిపడలేదు.

చెప్పిన సంగతి ఇది. నిరుడు డాక్టరు పెద్దాణ్ణి గదిలోకి పిలిచి రెండు దారులున్నాయన్నాడు. ఒకటి ఆపరేషన్. గొంతుపెట్టె పోతుంది, పని త్వరగా అయిపోతుంది. రెండోది కరెంటు పెట్టించుకోవడం, అంటే రేడియేషన్, దాంతోపాటు మందులు ఎక్కించుకోవడం. వారాల తరబడి రోజూ తీసుకురావాలి. మింగలేదు, నీరసపడిపోతుంది, పక్కన ఒక మనిషి ఉండాలి. గొంతు కాస్త మారినా మాట నిలిచే అవకాశం బాగా ఉంది. ఈవిడ విషయంలో ప్రాణానికి రెండూ ఇంచుమించు ఒకటే, ఆవిడతో మాట్లాడి చెప్పండి అన్నాడు. పెద్దాడు ఆవిడతో మాట్లాడలేదు. వరండాలో కాసేపు పచార్లు చేసి, లోపలికి వెళ్ళి ఆపరేషన్ చేయమన్నాడు. అమ్మతో మాత్రం వేరే దారి లేదని చెప్పి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించాడు.

చిన్నది వింటున్నంతసేపూ తలుపు గడియ పట్టుకునే ఉంది. అమ్మ మాట లేకుండా గడిపిన ఏడాదంతా ఆమె కళ్ళముందు తిరిగింది. తుడిచేసిన పలకలన్నీ తిరిగాయి. మా అదృష్టం ఇంతే అని తాను అందరితో చెప్పుకున్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. అన్నయ్య మీద అసహ్యం వేసింది. పుట్టి బుద్ధెరిగాక అతని మీద అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు.

"నీకు తీరిక లేదని అమ్మ గొంతు కోయించావా?" అంది.

"నువ్వు రోజూ తీసుకెళ్ళేదానివా?" అన్నాడు పెద్దాడు. ఇంక దాచడానికేం లేదు కాబట్టి ధైర్యం వచ్చింది అతనికి. కొత్తగా ప్రమోషన్ ఇచ్చారు, సెలవు అడిగితే ఎవడో నెత్తికెక్కి కూర్చునేవాడు అన్నాడు. ప్రాణం దక్కించాను, అది ఎవరికీ గుర్తులేదు అన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తనమీద తనకే జాలి పుట్టి కళ్ళు తుడుచుకున్నాడు. రెండో చెప్పు ఇంకా చేతిలోనే ఉంది.

కోడలు అప్పుడు దుప్పటి సోఫా మీద పడేసింది. ఆమె చెడ్డమనిషి కాదు. అలసిపోయిన మనిషి. ఏడాదిగా అత్తగారి మెడ మీది గుడ్డ మారుస్తున్నదీ, రంధ్రం శుభ్రం చేస్తున్నదీ ఆమే. ఆడపడుచు ఆదివారాలు మాత్రం వచ్చి జాలిపడిపోతుంది.

"మీ అన్నయ్య చేసింది తప్పే. నేను కాదనను. కానీ ఆ వారం నువ్వు ఫోన్లో ఏమన్నావో గుర్తుందా? ఏదో ఒకటి త్వరగా కానివ్వండి వదినా, నాకు సెలవు దొరకదు అన్నావు."

"రెండు దారులున్నాయని నాకు చెప్పారా మీరు?"

"నువ్వు అడిగావా?"

చిన్నది ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకుంటే ఆమె చేతిలో ఉన్న కోపం జారిపోతుంది. ఇవాళ అది ఆమెకి చాలా అవసరం. అమ్మకి ఈ సంగతి ఎవరు చెప్పారని అన్నని నిలదీసింది. కిందటి నెల ఈ గదిలోనే ఆలుమగలు ఆ విషయం మీద గొడవపడ్డారట. దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, వెనక అమ్మ కూర్చుని ఉన్న సంగతి గొడవయ్యాక గానీ గుర్తురాలేదు. అప్పుడే విని ఉంటుంది అన్నాడు. అందుకే మాట్లాడే యాప్ వద్దన్నాడని చిన్నదానికి అప్పుడు అర్థమైంది. కక్కుర్తి అనుకున్నది భయం. పలక మీద రెండో మాట దాకా ఎవరూ చదవరని అతను నెల రోజులుగా నిశ్చింతగా ఉన్నాడు.

టక్‌టక్.

ముగ్గురూ కుర్చీ వైపు తిరిగారు. వాళ్ళ గొడవలో అమ్మని మళ్ళీ మరిచిపోయారు. ఆమె మాత్రం రాస్తూనే ఉంది. ఆమె రాయడం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో అందరూ నోరు మూసుకుని ఎదురుచూడటం అదే మొదటిసారి.

"దుప్పటి వెనక విన్నది కొత్త సంగతి కాదు. ఆపరేషన్ ముందురోజే నాకు తెలుసు. నర్సు వచ్చి, రెండిట్లో ఏది అనుకున్నారమ్మా అని అడిగింది. మా అబ్బాయి చెప్తాడు అన్నాను."

అమ్మ రెండోసారి నొక్కింది. అదే మర్యాద, అదే నెమ్మది. గొంతు ఎక్కడా వణకలేదు, వణకడం దానికి రాదు.

పెద్దాడు చెప్పు కింద పెట్టాడు. నడిచి వచ్చి అమ్మ ముందు నేలమీద కూర్చున్నాడు. ఇందాకటి ధైర్యం ఎటుపోయిందో పోయింది. అతను తన వయసు కంటే పెద్దవాడిలా కనబడ్డాడు.

"తెలిసీ ఎందుకు సంతకం పెట్టావమ్మా?" అన్నాడు.

అమ్మ అతని మొహంలోకి చూసింది. చిన్నప్పుడు అబద్ధం చెప్పి వచ్చి నిలబడ్డప్పుడు చూసే చూపు అది, అన్నకీ తెలుసు, చెల్లెలికీ తెలుసు. కొట్టేది కాదు, అడిగేదీ కాదు. వాడే చెప్పేదాకా అన్నం వడ్డించకుండా కూర్చునేది. ఆమె తల వంచి రాసింది. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"ఆ సాయంత్రం నువ్వు నా మంచం దగ్గర చాలాసేపు కూర్చున్నావు. పెన్ను నా చేతికిచ్చేదాకా చెప్తావేమో అని చూశాను."

బొత్తం మళ్ళీ నొక్కబోతుంటే పెద్దాడు ఆ చేతిని పట్టుకున్నాడు. వద్దమ్మా, వినబడింది అన్నాడు. అమ్మ చెయ్యి విడిపించుకుని నొక్కింది. చెప్తావేమో అని చూశాను అంది ట్యాబ్ రెండోసారి. అతను ఆమె మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ చెయ్యి అతని తల మీదికి వెళ్ళలేదు.

ఒక పంతానికి, ఒక పరీక్షకి ఎవరైనా తమ గొంతునే పందెం కాస్తారా అని మీరు నన్ను అడగొచ్చు. నాకు తెలియదు. బతుకంతా ఊరి జనానికి దారి చెప్పిన మనిషి, తనకి దారి చెప్పాల్సిన ఒక్కడూ నోరు విప్పుతాడేమోనని ఎదురుచూసింది. అతను విప్పలేదు. ఇంక తన నోరు మాత్రం ఎందుకు అనుకుందేమో.

చిన్నది గుమ్మం దగ్గర్నుంచి గబగబా వచ్చింది. అన్నని పక్కకి జరిపి అమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. నువ్వు ఇంక ఇక్కడ ఉండొద్దమ్మా అంది. ఇవాళే నాతో వచ్చేయ్ అంది. నీకు నేనున్నాను, నాకు ఈ సంగతి తెలిసి ఉంటే ప్రాణం పోయినా జరగనిచ్చేదాన్ని కాదు అంది. చెబుతుంటే ఆమెకి అది నిజమనే అనిపించింది. కోడలు కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడింది.

అమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఇందాక కొడుకుని చూసిన చూపే. తర్వాత మెల్లగా ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుంది. రాయడానికి చెయ్యి కావాలి మరి. ట్యాబ్ ఒళ్ళో సరిచేసుకుని కొద్దిగా రాసింది. గోటితో గాజు మీద తట్టింది.

"దయచేసి వినండి. ఇప్పుడు చిన్నదాని సంగతి."

మొదటిసారికే చిన్నదానికి వినబడింది. అయినా అమ్మ వేలు మళ్ళీ బొత్తం మీదికి వెళ్ళింది.